గొలుసు ఎవరి పరిధిలో పోయింది? సిరిమాను జాతర దొంగతనం, మూడు పోలీసు వ్యవస్థలు: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో దొంగను పట్టుకోవడం పెద్ద కష్టం కాలేదు. గొలుసు ఎవరి పరిధిలో పోయిందో తేల్చడమే కష్టమైంది. విజయనగరంలో క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేసేవాళ్ళ దగ్గరికి పైడితల్లి అమ్మవారి పండగ వెళ్ళాక ఇలాంటి ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. చాలామంది ఒకటి రెండు స్టేషన్లు తిరిగి, విసిగి, "పోయిందేదో పోయింది" అని ఊరుకుంటారు. ఈ కేసులో ఆమె ఊరుకోలేదు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టగలిగే వివరాలు, స్టేషన్ల పేర్లు తీసేశాను.

జరిగింది

ఫిర్యాదుదారు ఆమదాలవలస పక్క పల్లె మనిషి. వయసు యాభై దాటింది. చెల్లెలి కుటుంబంతో కలిసి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి సిరిమాను (పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) చూడ్డానికి విజయనగరం వచ్చింది. సిరిమాను మూడుసార్లు తిరగడం పూర్తయ్యాక ఆటోలో రైల్వే స్టేషన్‌కి వెళ్ళి, కిక్కిరిసిన జనరల్ బోగీలో తిరుగు ప్రయాణం చేసింది. దిగాక మెడ తడుముకుంటే మూడు తులాల పుస్తెల తాడు లేదు.

ఆ రాత్రే ఒకచోట చెప్పుకుంటే "ఇది మా పని కాదమ్మా" అన్నారు. ఇంకోచోట "జాతరలోనే పోయుంటాది, విజయనగరం వెళ్ళండి" అన్నారు. మర్నాడు విజయనగరం వస్తే, చేతిలోని కాగితం చదివి "రైల్లో పోయిందని మీరే రాశారు కదా, రైల్వే పోలీసుల దగ్గరికి వెళ్ళండి" అని పంపేశారు. ఆ కాగితం రాసింది జిరాక్స్ షాపు కుర్రాడు. "రైలు ప్రయాణంలో నా మెడలోని బంగారు గొలుసును గుర్తు తెలియని వ్యక్తులు అపహరించినారు" అని మొదలుపెట్టాడు. ఆమె చెప్పింది ఒకటి, అతను రాసింది ఒకటి. రైలు దిగాక చూసుకున్నానని ఆమె చెబితే, రైల్లోనే పోయిందని అతనికి అర్థమైంది.

నా దగ్గరికి వచ్చినప్పుడు నేనూ మొదట అదే ప్రశ్న వేశాను, ఎక్కడ పోయిందమ్మా అని. "బాబూ, ఎక్కడ పోయిందో తెలిస్తే పోనిత్తానేటి?" అంది. మా గుమస్తా నవ్వాడు గానీ, న్యాయం ఆమె వైపే ఉంది. చోటు చెప్పాల్సిన బరువు బాధితురాలి మీద పెట్టకూడదన్న ఉద్దేశంతోనే కొత్త చట్టంలో, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహితలో, 173వ సెక్షన్ రాశారు.

పరిధి పట్టింపు ఎక్కణ్ణుంచి వచ్చింది

స్టేషన్‌లో ఉన్నవాళ్ళకి మనసు లేక "మా పరిధి కాదు" అంటారని చాలామంది అనుకుంటారు. కొన్నిసార్లు అది నిజమే. కానీ ఆ మాట వెనక రెండొందల ఏళ్ళ నిర్మాణం ఉంది. అది తెలిస్తే ఎవరికి ఏ కాగితం ఇవ్వాలో తెలుస్తుంది. అందుకని కాస్త వెనక్కి వెళ్తాను.

జమీందారీ రోజుల్లో పోలీసు అని విడిగా ఒక శాఖ లేదు. ఊళ్ళో తలారి, కావలివాడు ఉండేవారు, వాళ్ళపైన జమీందారు మనుషులు. 1802లో శాశ్వత శిస్తు వచ్చాక కంపెనీ జమీందార్ల చేతిలోంచి పోలీసు అధికారం లాగేసుకుంది. 1816 రెగ్యులేషన్‌తో ఆ పని కలెక్టరుకి, ఆయన కింద తహసీల్దారుకి, గ్రామ మునసబుకి దఖలు పడింది. అంటే శిస్తు వసూలు చేసేవాడే దొంగను పట్టేవాడు కూడా. రెండు పనులకీ కర్ర ఒకటే. శిస్తు రాబట్టడానికీ, నేరం ఒప్పించడానికీ జనాన్ని ఎంతగా హింసించేవారో 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ కమిషన్ బయటపెట్టింది. ఆ తర్వాతే 1859లో 24వ నంబరు చట్టం వచ్చింది. పోలీసును రెవెన్యూ నుంచి విడదీసి, జిల్లాకో సూపరింటెండెంటును పెట్టి, అందరినీ మద్రాసులోని అధిపతి కిందికి తెచ్చారు. ఆ మొదటి అధిపతి విలియం రాబిన్సన్. దేశంలో ఎక్కువ భాగానికి 1861 పోలీసు చట్టం వర్తిస్తే, మన కోస్తా జిల్లాలకు పునాది మాత్రం అంతకు రెండేళ్ళ ముందటి ఈ మద్రాసు చట్టమే. ఇప్పుడు దాన్ని ఆంధ్రప్రదేశ్ (ఆంధ్ర ప్రాంతం) జిల్లా పోలీసు చట్టం, 1859 అంటారు. స్టేషన్‌కి ఎస్సైని అధికారిగా పెట్టడం, భారతీయులకు డీఎస్పీ హోదా ఇవ్వడం 1902-03 నాటి ఫ్రేజర్ కమిషన్ సిఫారసులతో వచ్చాయి.

పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు గానీ గీతలు మాత్రం రెవెన్యూవే మిగిలాయి. స్టేషన్ పరిధి అంటే ఫలానా గ్రామాలు, ఫలానా వీధులు అన్న జాబితా. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినా, స్టేషన్ గీతలు అన్నిచోట్లా మండలాలతో సరిపోవు. మన ప్రాంతంలో పై గీతలు ఇంకా ఎక్కువగా మారాయి. నా క్లయింటు ఊరు 1936లో ఒరిస్సా విడిపోయేదాకా గంజాం జిల్లాలో ఉంది. తర్వాత విశాఖపట్నం జిల్లాలోకి, 1950 ఆగస్టు 15న కొత్తగా వచ్చిన శ్రీకాకుళం జిల్లాలోకి మారింది. విజయనగరం ఊరేమో 1979 జూన్ 1న సొంత జిల్లా వచ్చేదాకా విశాఖ ఎస్పీ కిందే ఉంది. పార్వతీపురం వైపు కథ ఇంకా చిత్రం. 1967 అక్టోబర్ 31న లేవిడిలో ఇద్దరు గిరిజనులను భూస్వామి మనుషులు కాల్చి చంపినప్పుడు అది శ్రీకాకుళం జిల్లా. 1979 తర్వాత విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. ఆ తర్వాత సాగిన శ్రీకాకుళం గిరిజన సాయుధ ఉద్యమ కాలంలో ఇక్కడి పోలీసు అంటే క్యాంపులు, తుపాకులు, కొండల్లో గాలింపు. జేబుదొంగల్ని వెతికే పోలీసింగ్‌కి ఆ రోజుల్లో ఎంత తీరిక దొరికి ఉంటుందో ఊహించుకోవచ్చు. పాత కేసు కట్ట వెతకాల్సి వస్తే ఏ జిల్లా రికార్డు గదికి వెళ్ళాలన్నది ఇప్పటికీ మా బార్‌లో టీ దగ్గర తెగే తగాదా కాదు.

ఇక రైలు. రైలు పట్టాల మీద ఇంకో ప్రపంచం ఉంటుంది. ప్లాట్‌ఫాం మీద, బోగీలో దొంగతనం జరిగితే కేసు కట్టేది ప్రభుత్వ రైల్వే పోలీసు, అంటే జీఆర్పీ. అది రాష్ట్ర పోలీసులో భాగమే అయినా దానికి వేరే ఎస్పీ ఉంటాడు, జిల్లా ఎస్పీ కిందికి రాదు. ఆర్‌పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం, కేంద్రానిది. రైల్వే ఆస్తికి కాపలా, ప్రయాణికుల భద్రత దాని పని. పుస్తెల తాడు పోతే ఎఫ్‌ఐఆర్ రాసేది అది కాదు. ఖాకీ ఒకటే కావడంతో జనానికి ఈ తేడా తెలియదు.

అంటే ఒకే సాయంత్రం ఆమె మూడు వ్యవస్థల గుండా నడిచింది: విజయనగరం జిల్లా పోలీసు, రైల్వే పోలీసు, శ్రీకాకుళం జిల్లా పోలీసు. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళని చూపించారు.

ఫోటోలు

చోటు తేల్చింది ఆమె చెల్లెలి కొడుకు ఫోన్. ఇంటర్ చదివే కుర్రాడు, పండగంతా సెల్ఫీలే. గంటస్తంభం దగ్గర తీసిన ఒక ఫోటోలో వాళ్ళమ్మా పెద్దమ్మా పక్కపక్కన నవ్వుతూ ఉన్నారు. పెద్దమ్మ మెడలో గొలుసు చీర అంచు మీద స్పష్టంగా పడింది. తర్వాతది రైల్వే స్టేషన్‌కి వెళ్ళే ఆటోలో తీసింది. పైట జారి ఉంది, మెడ బోసిగా ఉంది. రెండింటి మధ్య గంటన్నర. ఆ గంటన్నర వాళ్ళు మూడు లాంతర్ల కూడలి దగ్గర గుంపులోనే ఉన్నారు. అంటే రైలుకీ గొలుసుకీ సంబంధమే లేదు.

దీనికి చట్టంలో పెద్ద తేడా ఉంది. రైలు, బస్సు లాంటి ప్రయాణ సాధనంలో దొంగతనమైతే భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్, ఏడేళ్ళ దాకా శిక్ష. వీధిలో అయితే 303(2), మూడేళ్ళ దాకా. గుంజుకుని పారిపోతే 304, స్నాచింగ్. ఆమెకు గుంజినట్టు తెలియనే లేదు కాబట్టి 304 నిలబడదు. బరువైన సెక్షన్ పడితే మనకి మంచిదని కొందరు జూనియర్లు అంటారు. ఋజువు కాని సెక్షన్ పెట్టిస్తే విచారణ రోజున లాభపడేది అవతలి లాయరే.

ఫోన్‌లో ఫోటోలు చెరపొద్దని, ఫోన్ ఎవరికీ ఇవ్వొద్దని కుర్రాడికి గట్టిగా చెప్పాను. వాట్సాప్‌లో పంపిన కాపీలో తీసిన సమయం వివరాలు పోతాయి. అసలు ఫైల్ ఫోన్‌లో ఉండాలి.

కాగితాలు నడిచిన దారి

కొత్త ఫిర్యాదు రాశాం. అందులో "ఎక్కడ" అన్నదానికి ఒక్క వాక్యమే: ఫలానా సమయానికి గొలుసు ఉంది, ఫలానా సమయానికి లేదు, మధ్యలో ఉన్న చోటు ఇది. మొదటి కాగితం ఎవరు రాశారో, ఎందుకు తప్పు పడిందో కూడా రాసేశాం. దాస్తే రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటికి లాగుతారు.

భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(1) ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. వాళ్ళు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కి పంపాలి. 2024 జూలై 1 ముందు సర్క్యులర్లు చూపించి బతిమాలాల్సిన విషయం ఇప్పుడు నేరుగా సెక్షన్‌లోనే ఉంది. అయినా ఆమె ఊరి స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ కట్టించే దారి నేను పట్టలేదు. కాగితం జిల్లా దాటి రావడానికి పట్టే కాలంలో గొలుసు కరిగిపోతుంది. చోటు మన చేతిలో ఋజువుగా ఉన్నప్పుడు ఆ చోటి స్టేషన్‌లోనే పట్టుబట్టాలి.

అక్కడ మళ్ళీ అభ్యంతరం వచ్చింది. ఈసారి "ప్రాథమిక విచారణ చేసి చెబుతాం" అన్నారు. మూడు నుంచి ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు 173(3)లో ఉంది, నిజమే. కానీ అది మొదటి చూపుకు కేసుందో లేదో తేల్చుకోవడానికి. మెడలో ఉన్న గొలుసు గంటన్నర తర్వాత లేదన్న దానికి విచారణ ఏముంటుంది? 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే: కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు నేరుగా కేసు కట్టగలిగే నేరం, కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి.

173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపాం. మా పిటిషన్‌లో పని చేసిన పేరా సెక్షన్ల పేరా కాదని నా నమ్మకం. ఆమె మొదటిసారి స్టేషన్‌కి వచ్చిన తేదీ, సుమారు సమయం రాసి, ఆనాటి సీసీటీవీ రికార్డు భద్రపరచమని కోరాం. 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలని, రికార్డు 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని చెప్పింది. కెమెరాలో ఆమె కనిపిస్తే, ఎందుకు తిప్పి పంపారన్న ప్రశ్నకి ఎవరో ఒకరు సంతకంతో జవాబు రాయాలి. ఎస్పీ ఆఫీసు ఇన్‌వార్డ్‌లో నంబరు పడి, డీఎస్పీకి ఎండార్స్ అయి, స్టేషన్‌కి దిగాక ఎఫ్‌ఐఆర్ అయింది. కాపీ ఉచితంగా ఇచ్చారు. అది ఆమె హక్కు. చేతిరాతతో సంతకం పెట్టి తీసుకుంది.

జాతర రోజు డిపార్ట్‌మెంట్

ఎఫ్‌ఐఆర్ అయ్యాక నాకు సాయపడింది ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్. స్టేషన్ రైటర్‌గా ఏళ్ళ తరబడి చేసినాయన, నాకు వరసకి బాబాయ్. "లాయరోళ్ళు ఎస్సైని చూత్తారు, రైటర్ని చూడరు" అని ఆయన ఎప్పుడూ దెప్పుతాడు. స్టేషన్‌లో ఏం జరిగిందో చెప్పేది జనరల్ డైరీ. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరిని ఏ డ్యూటీకి పంపారు, అన్నీ అందులో పడతాయి. బందోబస్తు రోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో డ్యూటీ చార్టులో ఉంటుంది.

సిరిమాను రోజు ఈ వ్యవస్థ మొత్తం ఒకే కిలోమీటరులో కనిపిస్తుంది. అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా దారిని సెక్టార్లుగా విడగొట్టి ఒక్కో దానికి డీఎస్పీనో సీఐనో పెడతారు. టౌన్ స్టేషన్ల సివిల్ సిబ్బంది, ఆర్మ్‌డ్ రిజర్వ్, పక్క జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు, హోంగార్డులు అందరూ ఉంటారు. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ముందు సాగుతుంటే, సిరిమాను చుట్టూ తాడు పట్టుకుని నడిచేది రోప్ పార్టీ. మాను మీద పూజారి కూర్చుని ఉండగా ఆ తాడు తెగిందంటే తొక్కిసలాటే. ఆ కానిస్టేబుళ్ళ అరచేతులు సాయంత్రానికి చూడాలి, తాడు ఒరుసుకుని తోలు లేచిపోయి ఉంటాయి. వాళ్ళ టెన్షన్ అంతా మాను మీద. మెడల మీద కాదు. జేబుదొంగల కోసం తిరిగేది మఫ్టీలో ఉండే క్రైమ్ సిబ్బంది, వాళ్ళు గుప్పెడు మంది.

ఇది ఎవరి తప్పూ కాదు, నిర్మాణమే అలా ఉంది. శాంతిభద్రతలూ నేర దర్యాప్తూ ఒకే స్టేషన్ మీద ఉంటాయి. దర్యాప్తును విడదీయమని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, మొదట పది లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాలతో మొదలుపెట్టమంది. మన ఊరు ఆ లెక్కలోకి రాదు. విశాఖలో లాగా ఇక్కడ కమిషనరేట్ కూడా లేదు. అక్కడ కమిషనర్‌కి మెజిస్ట్రేటు అధికారాలుంటాయి. ఇక్కడ ఎస్పీకి ఉండవు, నిషేధాజ్ఞలు పెట్టాలంటే రెవెన్యూ వైపు మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2013 అక్టోబర్‌లో రాష్ట్ర విభజన గొడవల్లో విజయనగరం కర్ఫ్యూలో ఉన్న రోజుల్లో ఈ రెండు కుర్చీల పొత్తు ఏమిటో ఊరంతా చూసింది. నేనైతే ఈ ఏర్పాటే మేలంటాను. ఒకే చేతిలో లాఠీ, ఉత్తర్వు రెండూ ఉండటం ఎందుకు మంచిది కాదో 1855 నివేదికే చెప్పింది.

దొరికింది, దొరకనిది

కేసు జిల్లా సెంట్రల్ క్రైమ్ స్టేషన్, అంటే సీసీఎస్ చేతికి వెళ్ళాక వేగం మారింది. వాళ్ళకి ఊళ్ళ గీతలతో పని లేదు, నేరం చేసే పద్ధతితో పని. ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు చుట్టుముట్టి, ఒకరు తోసి, ఒకరు పట్టుకారు లాంటి చిన్న కట్టర్‌తో కత్తిరించే ముఠాలు జాతర నుంచి జాతరకి తిరుగుతాయి. ఇంకో జిల్లా జాతరలో అలాంటి ముఠా దొరికింది. పీటీ వారెంట్ మీద, అంటే వేరే చోట నిర్బంధంలో ఉన్నవాళ్ళని రప్పించే కోర్టు ఉత్తర్వు మీద, ఇక్కడికి తెచ్చారు. వాళ్ళు చూపించిన చోట మధ్యవర్తుల సమక్షంలో, నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం వీడియో తీస్తూ, కొన్ని గొలుసు ముక్కలు స్వాధీనం చేసుకున్నారు.

వాటిలో ఒకటి ఆమెది. సుమారు రెండు తులాల ముక్క. పోలీసులు అలాంటివే కొన్ని కలిపి పెడితే ఒక్కసారి చూసి తీసింది. ఎలా గుర్తుపట్టావని అడిగితే, కొక్కేనికి నాలుగు కడియాల ఇవతల ఉన్న అతుకు చూపించింది. పెద్దమ్మాయి పురుడప్పుడు తెగితే ఊరి కంసాలి అతికాడట. అక్కడ టంకం కొంచెం తెల్లగా పొడుచుకొచ్చి ఉంది, గోరు పెడితే తగులుతుంది. ఫిర్యాదులో ఆ అతుకు సంగతి ముందే రాయించాం. దొరికాక చెప్పిన గుర్తుకి కోర్టులో విలువ తక్కువ. పోయినప్పుడే చెప్పిన గుర్తుకి ఎదురు లేదు. ఆ కంసాలిని సాక్షిగా పెట్టారు.

పుస్తెలు దొరకలేదు. ముఠాలు వాటిని ముందే విడదీసేస్తాయని, తేలిగ్గా గుర్తుపడతారు కాబట్టి దగ్గర పెట్టుకోవని బాబాయ్ అన్నాడు.

సొత్తు తిరిగి తీసుకోవడానికి అదే సంహిత 497, 503 సెక్షన్ల కింద పిటిషన్ వేశాం. బంగారాన్ని స్టేషన్లో మగ్గబెట్టొద్దు, ఫోటోలు తీసి, పంచనామా రాసి, బాండు తీసుకుని సొంతదారుకి ఇచ్చేయండని 2002లోనే సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త చట్టం దానికి గడువులు కూడా పెట్టింది: సొత్తు కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో వివరాల పత్రం, ఫోటోలు, ఆ తర్వాత 30 రోజుల్లో అప్పగింత ఉత్తర్వు. అవతలి వైపు నుంచి పెద్ద అభ్యంతరం రాలేదు. జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ కోర్టు బాండు మీద ముక్క ఇప్పించింది. అమ్మకూడదు, రూపు మార్చకూడదు, పిలిస్తే తేవాలి అన్నవి షరతులు.

ఛార్జిషీటు దాఖలైంది, విచారణ ఇంకా మొదలవలేదు. మొన్న ఆమె కొత్త సందేహంతో వచ్చింది. "బాబూ, పుస్తెలు మళ్ళీ చేయించుకోవాల. ఈ ముక్కలోనే కొంత కరిగించుకోనా?" షరతుల ప్రకారం కుదరదు. కానీ కోర్టు తీయించిన ఫోటోలే విచారణలో సాక్ష్యంగా పనికొస్తాయని 497(4) చెబుతోంది. అతుకు ఉన్న భాగాన్ని అలాగే ఉంచి, అవతలి కొసలోంచి కొంత కరిగించుకోవడానికి అనుమతి కోరుతూ పిటిషన్ వేశాను. అది వాయిదాలో ఉంది.